విమానాశ్రయం చుట్టూ ఎత్తుల తగవు

2025 జూన్ 12న అహ్మదాబాదులో ఎయిరిండియా విమానం వైద్య కళాశాల హాస్టల్ మీద కూలి 260 మంది చనిపోయారు. ఆ తర్వాత ఆరో రోజునే కేంద్ర పౌర విమానయాన శాఖ ఒక ముసాయిదా విడుదల చేసింది. ఎయిర్‌పోర్టుల దగ్గర హద్దు మీరి ఎదిగిన కట్టడాలను, చెట్లను తొలగించే విధానం అందులో ఉంది. టీవీ చర్చల్లో ఈ రెండూ ఒకటైపోయాయి. నిజానికి ఆ విమానాన్ని కూల్చింది హాస్టల్ ఎత్తు కాదు. గాల్లోకి లేచిన క్షణాల్లోనే రెండు ఇంజన్లకూ ఇంధనం ఆగిపోయిందని ప్రాథమిక నివేదిక చెప్పింది. అక్కడ ఏ భవనమూ లేకపోయినా విమానం కిందికి వచ్చేదే.

విమానాశ్రయాల చుట్టూ కట్టడాల ఎత్తు మీద పైలట్లకూ బిల్డర్లకూ నడిచే తగవులో తరచూ జరిగేది ఇలా వేర్వేరు ప్రశ్నలు కలిసిపోవడమే. భవనం వల్ల విమానం కూలుతుందా అన్నది ఒక ప్రశ్న. కూలే విమానం ఎవరి నెత్తిన పడుతుంది అన్నది వేరే ప్రశ్న. సొంత స్థలం మీద ఎంత ఎత్తు వరకు మనది, ఎక్కణ్నుంచి మనది కాదు అన్నది మూడోది. పైలట్లు మొదటిదాని గురించి మాట్లాడతారు. బిల్డర్లు మూడోదానికి జవాబు చెబుతారు. ప్రభుత్వాలు రెండోది జరిగాక మేలుకుంటాయి.

కంటికి కనిపించని కప్పు

రన్‌వే చుట్టూ ఆకాశంలో కొన్ని ఊహాతలాలు గీసి, వాటిని దాటి ఏదీ పైకి రాకూడదనడం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఇకావో, పెట్టిన పద్ధతి. 1951లో ఆమోదించిన దాని 14వ అనుబంధం దీనికి మూలం. పెద్ద విమానాశ్రయాల విషయంలో లెక్క ఇలా ఉంటుంది. రన్‌వే పక్కలనుంచి ఏడు మీటర్లకు ఒక మీటరు చొప్పున తలం పైకి లేస్తుంది. 45 మీటర్ల ఎత్తుకు చేరాక దాదాపు నాలుగు కిలోమీటర్ల దూరం వరకు సమంగా పరుచుకుంటుంది. అక్కణ్నుంచి నూటికి ఐదు వాలుతో మరో వంద మీటర్లు ఎగబాకుతుంది. మొత్తం ఆకారం వెడల్పాటి మూకుడులా ఉంటుంది. రన్‌వే రెండు కొసల్లో మాత్రం విమానాలు దిగే, లేచే దారుల కోసం నూటికి రెండు వాలుతో మొదలయ్యే పలకలు 15 కిలోమీటర్ల దాకా చాచుకుని ఉంటాయి. తగవులన్నీ ఎక్కువగా ఈ పలకల కిందే.

మన దేశంలో రక్షణ స్థావరాల చుట్టూ కట్టడాలను అడ్డుకునే చట్టం 1903 నాటిది. పౌర విమానాశ్రయాలకు 1934 విమాన చట్టం కింద అధికారం వచ్చింది. ఎత్తుల నోటిఫికేషన్లు 1988లో ఒకసారి, 2010లో ఒకసారి వచ్చాయి. ఇప్పుడు అమల్లో ఉన్న చట్రం 2015 సెప్టెంబరు 30 నాటి నిబంధనలు, వాటికి 2020లో చేసిన సవరణలు. 1934 చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

ఒంటి ఇంజను లెక్క

పైలట్ల వాదనలో అసలు బలం ఉన్నది ఇక్కడ. మామూలు ప్రయాణికుడికి ఇది ఎక్కడా కనిపించదు కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

రెండు ఇంజన్ల విమానం టేకాఫ్ తీసుకుంటుండగా ఒక ఇంజను ఆగిపోయిందనుకుందాం. రెండో ఇంజనుతో అది ఎక్కాల్సిన కనీస వాలు, చక్రాలు లోపలికి ముడుచుకున్నాక, నూటికి 2.4. అది పరీక్షల్లో వచ్చే అంకె. లెక్కల్లో వాడేటప్పుడు జాగ్రత్త కోసం 0.8 తగ్గించి 1.6గా పట్టుకుంటారు. ఆ లెక్కతో దారిలోని ప్రతి అడ్డంకినీ కనీసం 35 అడుగుల పైనుంచి దాటాలి.

రన్‌వే చివరకు మూడు కిలోమీటర్ల దూరంలో, సరిగ్గా దారి కింద ఒక భవనం ఉందనుకుందాం. రన్‌వే కొస దాటేసరికి విమానం 35 అడుగుల ఎత్తులో ఉంటే, మూడు కిలోమీటర్లకు అది ఎక్కేది మరో 48 మీటర్లు. అంటే అడుగున 35 అడుగుల ఖాళీ ఉండాలంటే భవనం 48 మీటర్లు మించకూడదు. కానీ నూటికి రెండు వాలున్న తలం ప్రకారం అదే చోట దాదాపు 59 మీటర్ల వరకు కట్టుకోవచ్చు. భవనం నిబంధనల్లోనే ఉంది. విమానం పనితీరు కూడా నిబంధనల్లోనే ఉంది. తేడా మాత్రం దాదాపు పదకొండు మీటర్లు, సుమారు మూడంతస్తులు.

అలాగని ఆ విమానం భవనాన్ని గుద్దేయదు. ఎయిర్‌లైన్ ముందే లెక్క వేసి బరువు తగ్గించుకుంటుంది. కొందరు ప్రయాణికులను దింపుతుంది, లేదా సరుకు వదిలేస్తుంది. మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో గాలి పలచబడి ఇంజను బలం తగ్గినప్పుడు ఈ కోత ఇంకా పెరుగుతుంది. ఇక్కడే ఎదుటి పక్షం అందుకుంటుంది: బరువు తగ్గించుకుంటే సరిపోయేది భద్రత సమస్య ఎలా అవుతుంది, అది ఎయిర్‌లైన్ ఆదాయం సమస్య కదా అని. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చాలాకాలం ఇదే వైఖరి పట్టుకుంది. భవనాలను మదింపు చేసేటప్పుడు ఒంటి ఇంజను దారిని కూడా లెక్కలోకి తీసుకుంటామని 2014లో ప్రతిపాదించింది. పైలట్ల సంఘం బాగుందంది, రియల్ ఎస్టేట్ వర్గాలు అడ్డుపడ్డాయి, ప్రతిపాదన ఖరారు కాలేదు.

పైలట్లు ఇచ్చే జవాబు రెండు రకాలు. భవనాన్ని తప్పించడానికి ఇంజను పోయిన క్షణంలోనే మలుపు తిరగమనే ప్రత్యేక దారులు రాస్తున్నారు, కాగితం మీద బాగానే ఉన్నా కాక్‌పిట్‌లో అది అదనపు బరువు అన్నది మొదటిది. రెండోది, నా దృష్టిలో మరీ గట్టిది: ప్రతి భవనాన్నీ విడిగా చూసి ఇదొక్కటీ ఫరవాలేదు అంటున్నారు, పది భవనాలు కలిస్తే ఏమవుతుందో ఎవరూ చూడటం లేదు. ఒక అడ్డంకి ఉంటే పక్కకు తిరగొచ్చు. ఆ పక్కన కూడా ఇంకొకటి లేస్తే తిరిగే చోటు ఉండదు.

దీనికి తోడు క్రేన్లు, గాలి. 2013 జనవరిలో లండన్ వాక్స్‌హాల్‌లో ఒక హెలికాప్టర్ మంచులో నిర్మాణంలో ఉన్న టవర్ మీది క్రేన్‌కు తగిలి పడిపోయింది. పైలట్, నేల మీద మరొకరు చనిపోయారు. భవనానికి ఇచ్చే ఎత్తుకు, దాన్ని కట్టే క్రేన్ ఎత్తుకు విడిగా అనుమతి కావాలి. సైట్లో ఈ తేడా మరుగున పడుతూ ఉంటుంది. ఇక రన్‌వే పక్కన నిలబడ్డ వెడల్పాటి భవనం ఎత్తు హద్దు దాటకపోయినా, దాన్ని దాటి వచ్చే గాలి సుడులు తిరిగి దిగుతున్న విమానాన్ని కుదిపేస్తుంది. ఆస్ట్రేలియా దీనికి ప్రత్యేక మార్గదర్శకాలు పెట్టుకుంది. మన నిబంధనలు ప్రధానంగా ఎత్తు చుట్టూనే అల్లుకుని ఉన్నాయి.

శాన్‌డియాగోలో దిగిన అంతస్తులు

పైలట్ల అభ్యంతరం కాగితం మీద ఆగిపోకుండా భవనాన్నే దింపిన సందర్భాలు తక్కువ. అమెరికాలోని శాన్‌డియాగోలో ఒకటి జరిగింది. అక్కడ మాంట్‌గోమరీ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయానికి ఒక మైలు లోపే సన్‌రోడ్ సెంట్రమ్ అనే పన్నెండంతస్తుల కార్యాలయ భవనం లేచింది. ఎత్తు 180 అడుగులు. 160 అడుగులు దాటితే విమానాలకు ప్రమాదమని ఎఫ్‌ఏఏ 2006లో తేల్చిచెప్పింది. అయినా పని సాగింది.

ఎందుకు సాగిందంటే, ఎఫ్‌ఏఏకు ప్రమాదం అని చెప్పే అధికారమే ఉంది, ఆపే అధికారం లేదు. ఆపాల్సింది నగరం, లేదా రాష్ట్రం. మబ్బులు కిందికి దిగిన రోజున రన్‌వే చుట్టూ తిరిగి దిగే విమానాలకు ఈ భవనం అడ్డమని పైలట్ల సంఘాలు మొత్తుకున్నాయి. విమానాల దారినే కాస్త మార్చితే పోదా అన్న ఆలోచన కూడా నగర పాలన వైపునుంచి వచ్చింది. పైలట్లకు కోపం తెప్పించింది ప్రధానంగా ఇదే: ముందు కట్టేసి, తర్వాత ఆకాశాన్ని సర్దుకోమనడం. సిటీ అటార్నీ మైక్ అగిర్రే 2006 డిసెంబరులో దావా వేశారు. ఎఫ్‌ఏఏ ప్రమాదమని తేల్చిన కట్టడానికి రాష్ట్ర అనుమతి తప్పనిసరి అన్న కాలిఫోర్నియా చట్టం ఆ దావాకు ఆయువుపట్టు. 2007లో కంపెనీ దిగివచ్చి పైభాగాన్ని తొలగించి భవనాన్ని 160 అడుగులకు తెచ్చింది.

ఈ కేసును పైలట్ల విజయంగా చెప్పుకోవడం రివాజు. సగమే నిజం. పైలట్ల వాదనకు పదును వచ్చింది రాష్ట్ర చట్టంలో ఒక సెక్షన్ ఉండబట్టి. అలాంటి సెక్షన్ లేని రాష్ట్రంలో ఆ ఇరవై అడుగులూ అక్కడే ఉండేవి.

కట్టేవాళ్ల పక్షం

బిల్డర్లను దురాశాపరులుగా చూపి ఊరుకుంటే ఈ తగవు అర్థం కాదు. విమానాశ్రయాలు ఒకప్పుడు ఊరవతల ఉండేవి. ఊరు వాటిని చుట్టుముట్టింది. ముంబయిలో అంధేరీ, కుర్లా, ఘాట్‌కోపర్, విలే పార్లే మధ్య లక్షల మంది ఇళ్లు ఎయిర్‌పోర్టు గోడను ఆనుకుని ఉన్నాయి. ఎత్తు హద్దు వల్ల పాత భవనాల పునర్నిర్మాణం గిట్టుబాటు కాదని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. శిథిలమైన భవనంలో బతికేవాడికి అదీ ప్రాణభయమే. కాలిఫోర్నియాలోని శాన్‌హోసే నగరం 2019లో తన డౌన్‌టౌన్ మీద ఒంటి ఇంజను దారి రక్షణను సడలించింది. కొన్ని దూరప్రయాణ విమానాలకు బరువు తగ్గినా ఫరవాలేదు, నగరానికి అంతస్తులు కావాలి అని ఎంచుకుంది. నచ్చినా నచ్చకపోయినా, కనీసం లెక్క బల్ల మీద పెట్టి తీసుకున్న నిర్ణయం అది.

బిల్డర్ల వాదనకు మెల్‌బోర్న్‌లో జరిగిన ఒక దుర్ఘటన అనుకోని మద్దతు ఇచ్చింది. 2017 ఫిబ్రవరి 21న ఎసెండన్ విమానాశ్రయం నుంచి లేచిన చిన్న విమానం, ఆ ఆవరణలోనే కట్టిన షాపింగ్ సెంటర్ మీద పడి విమానంలోని ఐదుగురూ చనిపోయారు. రన్‌వే పక్కన మాల్ ఏమిటని పైలట్లు, జనం మండిపడ్డారు. దర్యాప్తు సంస్థ మాత్రం రడ్డర్ ట్రిమ్ (తోక చుక్కానిని సరిచేసే అమరిక) ఒక పక్కకు పూర్తిగా తిరిగి ఉండటాన్ని కారణంగా పట్టుకుంది. భవనం లేకపోతే విమానం బహుశా రద్దీగా ఉన్న ఫ్రీవే మీద పడి ఇంకా ఎక్కువ మందికి ప్రమాదం జరిగేదని కూడా రాసింది. ఆ మాల్‌కు అనుమతులు ఎలా వచ్చాయన్నది విడిగా మరో విచారణ అయింది. ఒక ప్రమాదాన్ని చూపి మొత్తం వాదాన్ని గెలవాలనుకునేవాళ్లు ఈ నివేదికను ఒకసారి చదవాలి.

మధ్యేమార్గం అనే జారుడుబల్ల

నియంత్రణ సంస్థలు రెండు పక్షాల మధ్యా నడుస్తాయి. హద్దు దాటిన కట్టడాన్ని వెంటనే కాదనకుండా ఏరోనాటికల్ స్టడీ చేయిస్తాయి. ముందే ఒక పెద్ద అడ్డంకి ఉంటే దాని నీడలో వచ్చే కొత్తదాన్ని ఒప్పుకుంటాయి. లేదా రన్‌వే మీద దిగే చోటునే లోపలికి జరుపుతాయి. ఢిల్లీలో 4,430 మీటర్ల మూడో రన్‌వే తూర్పు కొసలో దిగేచోటును సుమారు ఒకటిన్నర కిలోమీటరు లోపలికి జరిపారు. జాతీయ రహదారి పక్కనున్న పెద్ద శివ విగ్రహం దానికి ఒక కారణం. వందల కోట్లు పోసి పరిచిన రన్‌వేలో మూడోవంతు, ఆ వైపునుంచి దిగే విమానాలకు లేనట్టే.

ఈ సర్దుబాటు పరాకాష్ఠ సియోల్‌లో కనిపిస్తుంది. 123 అంతస్తులు, 555 మీటర్ల లోట్టే టవర్‌ను సమీప వాయుసేన స్థావరం భద్రత పేరుతో కొరియా వైమానిక దళం ఏళ్ల తరబడి అడ్డుకుంది. చివరికి భవనం నిలిచింది, రన్‌వే మూడు డిగ్రీలు తిరిగింది. 2013 నవంబరులో పొగమంచులో ఒక హెలికాప్టర్ అదే నగరంలోని అపార్టుమెంటు టవర్‌ను గుద్ది ఇద్దరు పైలట్లు చనిపోయినప్పుడు ఈ నిర్ణయం మళ్లీ చర్చకు వచ్చింది.

అడ్డంకి అంటే ప్రహరీ బయటి బిల్డరే కట్టాలని లేదు. 2024 డిసెంబరు 29న కొరియాలోని మువాన్‌లో చక్రాలు దిగకుండా నేలమీద జారిన జెజు ఎయిర్ విమానం రన్‌వే దాటి ఒక కాంక్రీటు దిమ్మెను గుద్దింది. ఆ దిమ్మె మీద ఉన్నది విమానాలకు దారి చూపే లోకలైజర్ యాంటెన్నాలు. 181 మందిలో 179 మంది చనిపోయారు. తగిలితే విరిగిపోయేలా ఉండాల్సిన కట్టడాన్ని విమానాశ్రయమే కాంక్రీటుతో కట్టుకుంది. బయటివాళ్ల అంతస్తులు లెక్కపెట్టే సంస్థలు తమ ఆవరణలో ఏముందో ముందు చూసుకోవాలన్న పైలట్ల మాటకు ఆ తర్వాత ఎదురు చెప్పినవాళ్లు లేరు.

మూడు పద్ధతులు పక్కపక్కన

అమెరికాలో కేంద్ర సంస్థ ప్రమాదం అని చెబుతుంది, ఆపేది స్థానిక పాలన. తగవు బహిరంగంగా నడుస్తుంది, పైలట్ల సంఘాలకు అభిప్రాయం చెప్పే దారి ఉంది, ఫలితం మాత్రం ఊరిని బట్టి మారుతుంది. బ్రిటన్, నెదర్లాండ్స్ నేల మీద ఉన్నవాడి వైపునుంచి చూస్తాయి. 1992లో ఆమ్‌స్టర్‌డామ్ ఫ్లాట్ల మీద సరుకు విమానం కూలి 43 మంది చనిపోయాక అక్కడ ఈ ధోరణి బలపడింది. రన్‌వే కొసన ఉండే మనిషికి ఏడాదిలో ప్రాణహాని అవకాశం లక్షలో ఒకటి దాటే చోట కొత్త ఇళ్లు వద్దనడం బ్రిటన్ పాటించిన కొలత. ఎత్తు ఎంత అన్నదానికంటే ఎంతమంది ఉంటారు అన్నది అక్కడ ముఖ్యం. అహ్మదాబాద్ నిజంగా లేవనెత్తిన ప్రశ్న ఇదే, దీనికి మన 2015 నిబంధనల్లో చోటు లేదు.

మన పద్ధతి కాగితం మీద అమెరికాకంటే గట్టిది. విమానాశ్రయాల చుట్టూ 20 కిలోమీటర్ల మేర రంగులు వేసిన పటాలున్నాయి. ఎరుపు జోన్ అయితే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తప్పదు. మిగతా రంగుల్లో పటంలో రాసిన ఎత్తు లోపల మున్సిపాలిటీయే అనుమతి ఇవ్వొచ్చు. ఎత్తు చాలదనుకున్న బిల్డర్ అప్పీలుకు వెళ్లొచ్చు. లోపం అమలులో ఉంది. ముంబయి ఎయిర్‌పోర్టు చుట్టూ హద్దు మీరిన భవనాల మీద 2014లో బొంబాయి హైకోర్టుకు ఎక్కింది పైలట్ల సంఘం కాదు, ఒక న్యాయవాది. 48 భవనాల్లో అడ్డొచ్చే భాగాలను కూల్చమని కోర్టు కలెక్టరును ఆదేశించేసరికి 2022 జూలై వచ్చింది. ఎనిమిదేళ్లలో ఆ ఫ్లాట్లు ఎన్ని చేతులు మారి ఉంటాయో ఊహించుకోవచ్చు.

తెలుగు నగరాల్లో

హైదరాబాదులో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణాన్ని బట్టి కట్టగల మొత్తం వైశాల్యం) పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్, ఫైర్ అనుమతి కుదిరితే ఎత్తుకు మిగిలిన గట్టి కళ్లెం ఎయిర్‌పోర్టు ఎన్‌ఓసీయే. ప్రయాణికుల విమానాలు 2008లో శంషాబాదుకు వెళ్లిపోయినా బేగంపేట రన్‌వే మూతపడలేదు. హకీంపేట, దుండిగల్‌లో వాయుసేన ఉంది. అందుకే నగరం మీద ఒకటికి మించిన హద్దులు పరుచుకుని ఉన్నాయి. విశాఖలో రన్‌వే నౌకాదళానిది, చుట్టూ కొండలు, అనుమతి ఇవ్వాల్సిందీ నౌకాదళమే. భోగాపురం కొత్త విమానాశ్రయం చుట్టూ మాత్రం ఇంకా పొలాలే ఎక్కువ. రన్‌వే కొసల్లో జనసాంద్రతకు హద్దు పెట్టాలంటే రియల్ ఎస్టేట్ వెంచర్లు పూర్తిగా దిగకముందే పెట్టాలి. ముంబయికి ఆ వెసులుబాటు ఎప్పుడో పోయింది.

ఇంకా తేలనివి

ఇకావో తన పాత తలాలను తిరగరాసింది. ఎట్టి పరిస్థితుల్లోనూ ఖాళీగా ఉండాల్సినవి, అధ్యయనం చేసి నిర్ణయించాల్సినవి అని రెండుగా విడదీసే కొత్త విధానం 2030 నుంచి వర్తిస్తుంది. మొదటి రకం కుంచించుకుపోయి రెండో రకం పెరిగితే బిల్డర్లకు వెసులుబాటు, పైలట్లకు అనుమానం. అధ్యయనం ఎవరు చేస్తారు, దాని డబ్బు ఎవరిస్తారు అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. కట్టేవాడు ఖర్చు పెట్టి తెచ్చిన నివేదికను పైలట్లు నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు.

ఒంటి ఇంజను దారి సంగతి ఎటూ తేలలేదు. పది భవనాల ఉమ్మడి ప్రభావాన్ని కొలిచే బాధ్యత ఎవరిదో తేలలేదు. నిబంధనలు మారకముందు సక్రమంగా కట్టినవాడికి పరిహారం ఎంత అన్నది 2025 ముసాయిదా తర్వాత కూడా కోర్టుల దాకా వెళ్లే విషయమే. ముసాయిదా ప్రకారం నోటీసు అందిన యజమాని భవనం కొలతలు, పత్రాలు 60 రోజుల్లో ఇవ్వాలి, కూల్చివేత అమలు కలెక్టరుది. ఈ క్రమంలో ఎక్కడా పైలట్‌కు కుర్చీ లేదు. అప్పీలు విచారణలో ఆ రన్‌వే మీద నిత్యం దిగే పైలట్ల ప్రతినిధి ఒకరు కూర్చోవాలి. పూర్తయిన ప్రతి ఎత్తైన భవనాన్నీ కొలిచి, ఆ అంకెను ఎన్‌ఓసీ పక్కనే జనానికి కనపడేలా పెట్టాలి. ఈ రెండింటికీ కొత్త చట్టం అక్కర్లేదు.

అప్పటిదాకా జాగ్రత్త కొనేవాడిదే, ఎందుకంటే నోటీసు వచ్చేసరికి బిల్డర్ ఉండడు. ఎన్‌ఓసీ కాపీ అడగండి. అందులో రాసిన ఎత్తు భవనం ఎత్తు కాదు, సముద్రమట్టం నుంచి కొలిచింది. స్థలం 610 మీటర్ల ఎత్తులో ఉండి, ఎన్‌ఓసీలో 700 అని ఉంటే భవనానికి దక్కేది 90 మీటర్లే. లిఫ్ట్ గది, నీళ్ల ట్యాంకు, యాంటెన్నా, పిడుగు కడ్డీ అన్నీ ఆ 90 లోపలే ఉండాలి.